సముద్రాన్ని చేరని నదుల నీరు వృథా అవుతుందా? (అరల్ సముద్రం, మరికొన్ని మూసుకున్న పరీవాహకాలపై చర్చ)

నల్గొండ_చదువరి

భూమి మీద ఉన్న నేలలో దాదాపు ఐదో వంతు ప్రాంతంలో కురిసే వాన ఏ మహాసముద్రాన్నీ చేరదు. అలాంటి ప్రాంతాన్నే మూసుకున్న పరీవాహకం అంటారు. వోల్గా, అమూ దర్యా, సిర్ దర్యా, జోర్డాన్, తారిమ్, ఒకవాంగో వంటి నదులు ఒక సరస్సులోనో, చిత్తడి నేలలోనో, ఎడారి ఇసుకలోనో ముగుస్తాయి. మన దేశంలో ఘగ్గర్ థార్ ఎడారిలో ఇంకిపోతుంది. మేంఢా, రూపన్‌గఢ్ నదులు సాంభర్ సరస్సులో చేరి, ఆ నీరు అక్కడే ఆవిరై ఉప్పు మిగులుతుంది. లద్దాఖ్‌లోని పాంగాంగ్ సరస్సు నుంచి కూడా నీరు బయటికి పోయే దారి లేదు.

ప్రతి వర్షాకాలంలోనూ ధవళేశ్వరం, ప్రకాశం బ్యారేజీల గేట్లు ఎత్తిన వెంటనే ఇన్ని టీఎంసీలు వృథాగా సముద్రం పాలయ్యాయని మన పత్రికలు రాస్తాయి, నాయకులు కూడా అదే మాట అంటారు. సముద్రమే ఎరుగని నదుల విషయంలో ఈ వృథా అనే ఆలోచన ఏ రూపం తీసుకుంది, దాని ఫలితం ఏమైంది అనే ప్రశ్నను ఇక్కడి సభ్యుల ముందు ఉంచుతున్నాను. మధ్య ఆసియాలో, అప్పటి సోవియట్ యూనియన్‌లో ఉన్న అరల్ సముద్రం అనే పెద్ద సరస్సు ఎండిపోయిందని అందరమూ చదివాం. అయితే దానిని ఎండబెట్టినవారు తెలివితక్కువవారు కారు. లెక్క వేసుకుని, తెలిసే ఆ పని చేశారు. ఆ లెక్క గురించి మాట్లాడుకోవాలని నా కోరిక.

విశ్రాంత_ఇంజినీరు

చదువరి గారు లెక్క అడిగారు కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. 1960లో అరల్ విస్తీర్ణం సుమారు 68,000 చదరపు కిలోమీటర్లు. ప్రపంచంలోని సరస్సుల్లో అది నాలుగో స్థానంలో ఉండేది. అమూ దర్యా, సిర్ దర్యా కలిసి ఏటా సుమారు 56 ఘన కిలోమీటర్ల నీటిని దానిలోకి తెచ్చేవి. మనకు అలవాటైన కొలతలో చెప్పాలంటే అది దాదాపు 1,980 టీఎంసీలు. కృష్ణా జలాలను పంచిన బచావత్ ట్రిబ్యునల్ 75 శాతం విశ్వసనీయతతో, అంటే నాలుగేళ్లలో మూడేళ్లు అందుతుందన్న లెక్కతో, ఆ నదికి లెక్కగట్టిన నీరు 2,060 టీఎంసీలు. అంటే ఇంచుమించు ఒక కృష్ణా నది అంత నీరు ఏటా అరల్‌లో చేరుతుండేదని అనుకోవచ్చు.

అంత నీరు వచ్చి చేరుతున్నా సరస్సు మట్టం ఎందుకు పెరగలేదంటే, ఆ ఎండలో ఏటా ఒక మీటరు మందాన నీరు ఆవిరైపోయేది. నేరుగా సరస్సు మీద కురిసే వానను మినహాయిస్తే, విస్తీర్ణంలో ప్రతి చదరపు మీటరుకూ 85 సెంటీమీటర్ల లోటు ఏర్పడేది. 68,000 చదరపు కిలోమీటర్లకు ఆ లోటును గుణిస్తే నదులు తెచ్చే నీటికి దాదాపు సమానమవుతుంది. మూసుకున్న పరీవాహకంలో సరస్సు విస్తీర్ణాన్ని నిర్ణయించేది ఈ తూకమే. నదులు తెచ్చే నీటిని సగానికి తగ్గిస్తే, ఆవిరి కూడా సగానికి తగ్గేవరకు, అంటే విస్తీర్ణం ఇంచుమించు సగమయ్యేవరకు సరస్సు కుంచించుకుపోతూ ఉంటుంది. ఎంత నీరు తీసుకుంటే ఎంత సరస్సు పోతుందో ముందుగానే కాగితం మీద చెప్పగల వ్యవస్థ ఇది.

సోవియట్ ఇంజినీర్లకు ఈ తూకం తెలుసు. ఎడారి మధ్యన ఉండి నీటిని గాలిలోకి వదిలేసే సరస్సు కంటే, అదే నీటితో పండే పత్తికి విలువ ఎక్కువని వారు నిర్ణయించుకున్నారు. 1954లో తవ్వకం మొదలైన కరాకుమ్ కాలువ అమూ దర్యా నుంచి ఏటా 12 ఘన కిలోమీటర్లకు పైగా నీటిని తుర్క్‌మెనిస్తాన్ ఎడారిలోకి మళ్లించే స్థాయికి చేరింది. అది నాగార్జునసాగర్ తొలినాటి మొత్తం నిల్వ అయిన 408 టీఎంసీల కంటే ఎక్కువ. ఆ కాలువలో చాలా భాగానికి లైనింగ్ లేదు, అంటే నీరు ఇంకకుండా అడుగుకూ గట్లకూ వేసే గట్టి పూత లేదు. ఇసుక నేలలో లైనింగ్ లేకుండా వెయ్యి కిలోమీటర్లు దాటి నీటిని నడిపితే ఊట నష్టం ఎంత ఉంటుందో ఈ వృత్తిలో పనిచేసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఉప్పుటేరు

మాది కొల్లేటి పక్క ఊరు. కొల్లేరుకు బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తెస్తాయి, ఉప్పుటేరు మిగులును బంగాళాఖాతానికి చేరుస్తుంది. ఆ ఒక్క దారి ఉండటం వల్లే కొల్లేరు మంచినీటి సరస్సుగా నిలిచింది. అరల్‌కు అటువంటి దారి లేదు.

ఇంజినీరు గారు చెప్పిన ఆలోచన అరల్‌తో ఆగలేదు. వోల్గా ముగిసే కాస్పియన్ సముద్రపు తూర్పు తీరంలో కారా-బొగాజ్-గోల్ అనే పెద్ద అఖాతం ఉంది. ఇరుకైన ముఖద్వారం గుండా కాస్పియన్ నీరు దానిలోకి ప్రవహించి అక్కడ ఆవిరైపోతుంది. కాస్పియన్ మట్టం దశాబ్దాల పాటు తగ్గుతూ 1977లో బాగా కిందికి చేరింది. ఆ అఖాతంలోకి పోయే నీరు వృథా అని భావించి 1980లో దాని ముఖద్వారానికి అడ్డుకట్ట వేశారు. నాలుగేళ్లు తిరిగేసరికి అఖాతం ఎండిపోయింది. అక్కడి లవణాల మీద ఆధారపడిన పరిశ్రమ దెబ్బతిన్నది. ఉప్పు దుమ్ము చుట్టుపక్కల నేలల మీదికి ఎగిరింది. గమనించవలసిన సంగతి ఏమిటంటే, కట్ట వేయడానికి ముందే, 1978 నుంచే, వోల్గా పరీవాహకంలో వానలు పెరిగి కాస్పియన్ తనంతట తానే పైకి లేవడం మొదలుపెట్టింది. 1995 నాటికి సుమారు రెండున్నర మీటర్లు పెరిగి తీర గ్రామాలను ముంచింది. 1992లో ఆ కట్టను తొలగించారు. ఆవిరైపోయే నీటికి కూడా ఒక పని ఉంటుందని, అధిక నీటిని వదిలించుకునే చోటు కూడా పరీవాహకంలో ఒక అవయవమేనని ఈ ఒక్క ఉదాహరణతో గట్టిగా చెప్పవచ్చునని నా అభిప్రాయం.

మట్టి_పరీక్ష

ఇంతవరకు నీటి లెక్కే వచ్చింది, ఉప్పు లెక్క రాలేదు. నీరు ఆవిరైతే గాలిలోకి పోతుంది, నది మోసుకొచ్చిన లవణం మాత్రం ఎక్కడికీ పోదు. అందుకే మూసుకున్న పరీవాహకంలో నీటి కంటే ఉప్పు చరిత్రే ముఖ్యమైనదని నేను భావిస్తాను. 1960లో అరల్ నీటిలో లీటరుకు సుమారు 10 గ్రాముల ఉప్పు ఉండేది, అంటే సముద్రపు నీటిలో ఉండేదానిలో మూడో వంతు కన్నా తక్కువ. ఏటా 40,000 టన్నుల దాకా చేపలు పట్టేవారు. 1980ల మధ్యకు వచ్చేసరికి అక్కడి చేపల వేట పూర్తిగా ఆగిపోయింది. దక్షిణ భాగంలో తర్వాత లీటరుకు 100 గ్రాములు కూడా దాటింది.

అయితే ఉప్పు సరస్సులోనే పెరగలేదు. పొలాల్లోనూ పెరిగింది. అరల్ పరీవాహకంలో 1960లో 45 లక్షల హెక్టార్లున్న సాగునీటి విస్తీర్ణం 1980ల చివరికి 70 లక్షలు దాటింది. కాలువ నీరు పారిన చోటల్లా భూగర్భ జలం పైకి లేచి, ఎండకు ఆవిరై, నేల మీద తెల్లని ఉప్పు పొరను మిగిల్చింది. మన తుంగభద్ర ఆయకట్టులో చౌడు పట్టిన భూములను చూసినవారికి ఈ ప్రక్రియ సుపరిచితమే. చౌడు వదిలించడానికి విత్తే ముందు పొలాన్ని అదనపు నీటితో కడగాలి. ఆ నీటికి మళ్లీ నదే ఆధారం. కడిగిన ఉప్పు నీటిలో కొంత తిరిగి నదిలో కలిసి కింది రైతు పొలానికి చేరింది. కొంత మురుగు కాలువల ద్వారా సరీకమిష్ పల్లానికి వెళ్లింది. అక్కడ ఇప్పుడు పెద్ద సరస్సు ఉంది. అరల్‌కు చేరవలసిన నీటిలో ఒక భాగం, పురుగుమందుల అవశేషాలతో సహా, ఎవరూ కోరని మరో చోట సరస్సుగా నిలిచింది.

మూసుకున్న ప్రతి పరీవాహకమూ ఉప్పగా మారుతుందనుకోవడం కూడా సరికాదు. బోట్స్వానాలోని ఒకవాంగో డెల్టాలోకి అంగోలా ఎత్తయిన ప్రాంతాల నుంచి ఏటా సుమారు 10 ఘన కిలోమీటర్ల నీరు వస్తుంది. దానిలో దాదాపు అంతా ఆవిరి రూపంలో, చెట్ల ఆకుల ద్వారా గాలిలో కలిసిపోతుంది. అయినా అక్కడి నీరు తియ్యగానే ఉంటుంది, ఎందుకంటే దీవుల మీది చెట్లు భూగర్భ జలాన్ని పీల్చుకుంటున్నప్పుడు లవణం ఆ దీవుల మధ్యన నేల లోపల పేరుకుంటుంది. చాద్ సరస్సు లవణాన్ని నేలలోకి ఇంకే నీరు తీసుకుపోతుంది. ప్రకృతి ఉప్పుకు ఒక చోటు ఏర్పాటు చేసిన పరీవాహకాలు ఇవి. మనం కాలువలు తవ్వేటప్పుడు ఉప్పుకు చోటు చూపలేదు.

విశ్రాంత_ఇంజినీరు

మట్టి_పరీక్ష గారి మాటలతో నేను ఏకీభవిస్తాను, కాని ఒక విషయాన్ని స్పష్టంగా చెప్పవలసి ఉంది. ఆ 70 లక్షల హెక్టార్ల మీద కోట్లాది మంది బతుకుతున్నారు. ఫెర్గానా లోయలో, ఖోరెజ్మ్‌లో పత్తితో పాటు గోధుమ, వరి, పండ్లు పండుతాయి. సాగు విస్తరణ మొత్తాన్నీ నేరంగా చిత్రించడం న్యాయం కాదు. నా దృష్టిలో తప్పు రెండు చోట్ల జరిగింది: ఊట నష్టాన్ని పట్టించుకోకుండా కాలువలు తవ్వడం, మురుగు కాలువల వ్యవస్థను వెనక్కి నెట్టడం. ఇవి రెండూ సరిచేయగలిగినవే.

నల్గొండ_చదువరి

ఇంజినీరు గారి వాదనను గౌరవిస్తూనే ఒక ప్రశ్న అడుగుతున్నాను. ఊట నష్టాన్ని తగ్గించి ఆదా చేసిన నీరు సరస్సుకు వెళ్లిందా, కొత్త ఆయకట్టుకు వెళ్లిందా? మన అనుభవంలో ఆధునికీకరణ వల్ల మిగిలిన ప్రతి టీఎంసీకీ అప్పటికే ఒక కొత్త ఎత్తిపోతల పథకం ఎదురు చూస్తూ ఉంటుంది. అరల్ పరిస్థితి కాలువ చివరి భూముల రైతు పరిస్థితి లాంటిదే. పైవారందరి అవసరాలూ తీరాక మిగిలింది అతనికి వస్తుంది, మిగలకపోతే అడిగే హక్కు కూడా ఉండదు. సరస్సుకు ఇంత వాటా అని ముందుగా రాసి పెట్టకపోతే, పొదుపు చేసిన నీరు దానిని చేరే మార్గం నాకు కనిపించడం లేదు.

బిష్కెక్_విద్యార్థిని

నేను కిర్గిజ్‌స్తాన్‌లో వైద్య విద్య చదువుతున్నాను. ఇక్కడ మన తెలుగు విద్యార్థులు చాలామంది ఉన్నారు. మేము నివసిస్తున్న చూయ్ లోయ కూడా మూసుకున్న పరీవాహకమే. చూ నది ఇస్సిక్-కుల్ సరస్సుకు అతి సమీపం నుంచి వెళ్తూ కూడా దానిలో కలవకుండా, ఉత్తరానికి తిరిగి కజకిస్తాన్ ఎడారిలో ఇంకిపోతుంది. ఇస్సిక్-కుల్‌లోకి వందకు పైగా వాగులు, ఏరులు చేరతాయి, ఒక్కటీ బయటికి రాదు. 668 మీటర్ల లోతు గల ఆ సరస్సు కొద్దిగా ఉప్పగా ఉంటుంది, చలికాలంలోనూ గడ్డకట్టదు.

ఇక్కడ తరచుగా వినిపించే వివాదం తొక్తోగుల్ జలాశయం గురించి. సిర్ దర్యాకు ప్రధాన ఆధారమైన నారిన్ నది మీద కట్టిన ఆ జలాశయం సామర్థ్యం 19.5 ఘన కిలోమీటర్లు, అంటే సుమారు 690 టీఎంసీలు. సోవియట్ కాలంలో కింది గణతంత్రాల పత్తికి వేసవిలో నీళ్లు వదిలేవారు, అందుకు బదులుగా చలికాలంలో ఇక్కడికి బొగ్గు, గ్యాసు వచ్చేవి. 1991 తర్వాత ఆ మారకం చెడిపోయింది. బొగ్గు, గ్యాసులకు డబ్బు చెల్లించవలసి రావడంతో కిర్గిజ్‌స్తాన్ చలికాలంలో విద్యుత్తు కోసం నీటిని వదలడం మొదలుపెట్టింది. వేసవిలో కింది పొలాలకు నీరు చాలలేదు. చలికాలంలో వదిలిన నీరు కిందికి వెళ్లేసరికి గడ్డకట్టిన నదిలో ఇమడక వరదలు తెచ్చింది. ఆ వరదను చర్దారా జలాశయం నుంచి అర్నసాయ్ పల్లంలోకి మళ్లించారు. ఆ నీరు అరల్‌కు చేరకుండా అక్కడే నిలిచిపోయింది. తర్వాత కజకిస్తాన్ ఈ చలికాలపు నీటిని పట్టడానికి కోక్‌సరాయ్ జలాశయాన్ని కట్టుకున్నది. శ్రీశైలంలో విద్యుత్తు ముందా, సాగునీరు ముందా అనే వాదనను చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినదాన్ని కాబట్టి, రెండు వైపుల వారి అవసరమూ నాకు అర్థమవుతుంది. ఇక్కడ చలికాలంలో కరెంటు లేకపోతే ప్రాణాలు పోతాయి.

సాల్ట్‌లేక్_తెలుగు

నేను యూటా రాష్ట్రంలో ఉంటున్నాను. మా గ్రేట్ సాల్ట్ లేక్ 2022 నవంబరులో నమోదైన చరిత్రలోనే అతి తక్కువ మట్టానికి చేరింది. బేర్, వీబర్, జోర్డాన్ (పశ్చిమాసియాలోని జోర్డాన్ కాదు) అనే మూడు నదులు దానికి ఆధారం. ఆ నీటిలో పెద్ద భాగం పశుగ్రాసం సాగుకు వెళ్తుంది. బయటపడ్డ అడుగు నేల నుంచి లేచే దుమ్ములో ఆర్సెనిక్ ఉందని ఇక్కడి వారు భయపడుతున్నారు. ఆ భయానికి ఆధారం కాలిఫోర్నియా రాష్ట్రంలో ఉంది. లాస్ ఏంజిలిస్ నగరం 1913లో ఓవెన్స్ నదిని కాలువలోకి మళ్లించింది. 1926 నాటికి ఓవెన్స్ సరస్సు ఎండిపోయింది. ఆ దుమ్మును అణచడానికి అదే నగరం ఇప్పటివరకు 200 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు చేసింది. సరస్సును తిరిగి నింపకుండా, అడుగు నేలను తడిపి, కంకర పరిచి దుమ్మును ఆపవలసి వచ్చింది.

అదే నగరం 1941 నుంచి మోనో సరస్సుకు చేరే వాగులను కూడా మళ్లించింది. ఉప్పు రెట్టింపయింది. నీరు తగ్గడంతో ఒక దీవి నేలతో కలిసి, పక్షుల గూళ్ల దగ్గరకు నక్కజాతి జంతువులు చేరగలిగాయి. కాని మోనో కథ మరో దారి పట్టింది, న్యాయస్థానం వల్ల.

న్యాయవాది_తిరుపతి

మోనో తీర్పు ప్రస్తావన వచ్చింది కనుక రాస్తున్నాను. 1983లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఆ సరస్సు విషయంలో ఒక సూత్రాన్ని స్థిరపరచింది. నదులు, సరస్సులు ప్రజల తరఫున ప్రభుత్వం వద్ద ధర్మకర్తృత్వంలో ఉన్న ఆస్తులని, ఎప్పుడో ఇచ్చిన నీటి అనుమతులను కూడా ఆ దృష్టితో మళ్లీ పరిశీలించవలసిందేనని చెప్పింది. దాని ఫలితంగా 1994లో అక్కడి నీటి నియంత్రణ మండలి సరస్సు మట్టం సముద్ర మట్టానికి 6,392 అడుగుల ఎత్తుకు చేరేలా నీటి మళ్లింపును పరిమితం చేసింది. చదువరి గారు అడిగిన వాటా ఇదే. దానిని ఘనపరిమాణంలో కాక మట్టం రూపంలో రాశారు.

ఈ తీర్పు ప్రభావం మన దేశానికీ వచ్చింది. హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది ప్రవాహాన్ని మార్చిన ఒక కేసులో 1996లో మన సుప్రీంకోర్టు మోనో తీర్పును విస్తారంగా ఉటంకించి, ధర్మకర్తృత్వ సిద్ధాంతం భారత న్యాయవ్యవస్థలో భాగమని ప్రకటించింది. పదేళ్ల తర్వాత, 2006లో, మా తిరుపతి పక్కన ఉన్న అవిలాల, పేరూరు చెరువుల కేసులో అదే సిద్ధాంతాన్ని వర్తింపజేసింది. కాలిఫోర్నియా ఎడారిలోని ఒక ఉప్పు సరస్సు కోసం పుట్టిన వాదన రాయలసీమ చెరువుల వరకు రావడం నాకు ఎంతో విలువైన విషయంగా కనిపిస్తుంది. అయితే ఒకే ప్రభుత్వం కింద ఉన్న నీటికి న్యాయస్థానం దారి చూపగలదు. అయిదు దేశాలు పంచుకునే అరల్‌కు అటువంటి న్యాయస్థానం లేదు.

ఉప్పుటేరు

న్యాయస్థానం లేకపోయినా ఒక భాగం బతికింది కదా. 1980ల చివరలో అరల్ రెండుగా విడిపోయింది. సిర్ దర్యా చేరే చిన్న ఉత్తర భాగం కజకిస్తాన్‌లో ఉంది. అక్కడి స్థానికులు 1992లో మట్టికట్ట వేసుకున్నారు, 1999లో అది తెగిపోయింది. 2005లో ప్రపంచ బ్యాంకు రుణంతో 13 కిలోమీటర్ల కోక్-అరల్ కట్ట పూర్తయింది. ఏడాది లోపే నీటి మట్టం సముద్ర మట్టానికి 42 మీటర్ల ఎత్తుకు చేరింది. ఉప్పు తగ్గింది. చేపలు తిరిగి వచ్చాయి. చేపలు పట్టే కుటుంబాలు కూడా తిరిగి వచ్చాయి. ఆ కట్టకు గేట్లున్నాయి, మిగులు నీరు దక్షిణానికి పోతూ ఉప్పును తనతో తీసుకుపోతుంది. మూసుకున్న సరస్సుకు ఒక ఉప్పుటేరును ఏర్పాటు చేశారు.

మట్టి_పరీక్ష

ఉత్తర భాగం నిజంగానే ఊరటనిచ్చే విషయం, కాని ఆ ఉప్పు చేరింది దక్షిణానికే. 2014లో దక్షిణ అరల్ తూర్పు భాగం పూర్తిగా ఎండిపోయింది. ఉజ్బెకిస్తాన్‌లోని కరకల్పక్ ప్రజలు ఆ దుమ్మును పీలుస్తున్నారు. ఒకప్పటి రేవు పట్టణం మొయ్నాక్ నుంచి నీరు ఎంతో దూరం వెళ్లిపోయింది. ఎండిన అడుగు నేల మీద ఇప్పుడు ఎడారిలో పెరిగే సక్సౌల్ మొక్కలు నాటుతున్నారు. దుమ్మును ఆపడానికి అది మంచి పనే. సరస్సు తిరిగి వస్తుందనే ఆశ ఉన్నవారెవరూ దాని అడుగున అడవి పెంచరు. ఉత్తరానికి గెలుపు, దక్షిణానికి ఓటమి ఒకే కట్ట వద్ద నిర్ణయమయ్యాయని మరిచిపోకూడదు.

విశ్రాంత_ఇంజినీరు

దక్షిణ భాగాన్ని నింపాలంటే బయటి నీరే దిక్కు అనే ఆలోచన కూడా ఒకప్పుడు ఉండేది. సైబీరియాలోని ఓబ్, ఇర్తిష్ నదుల నీటిని దక్షిణానికి తెచ్చే బృహత్ పథకాన్ని 1986లో విరమించుకున్నారు. గోదావరి నీటిని పట్టిసీమ వద్ద ఎత్తి కృష్ణా డెల్టాకు ఇవ్వడాన్ని నేను సమర్థించినవాడిని. అక్కడ దూరం తక్కువ, వరద నీరు ఉంది. వేల కిలోమీటర్ల మళ్లింపుకు అదే తర్కం వర్తించదు. సొంత పరీవాహకంలో పొదుపును వదిలి పక్క పరీవాహకం వైపు చూడటం మొదలైతే దానికి అంతు ఉండదు. చదువరి గారి ప్రశ్నకు నా సమాధానం కూడా ఇదే: సరస్సుకు వాటా ముందుగా రాయాలి, ఆ తర్వాతే లైనింగ్‌కు డబ్బు పెట్టాలి.

నల్గొండ_చదువరి

అందరి సమాధానాలూ చదివాక నాకు ఒక తేడా స్పష్టమైంది. 2002–2004 కరువు సంవత్సరాల్లో ప్రకాశం బ్యారేజీ దిగువకు చాలా స్వల్పంగా నీరు వెళ్లింది. ఆ కాలంలో కృష్ణా కూడా ఆచరణలో మూసుకున్న పరీవాహకమే అయింది. అయినా బంగాళాఖాతం మట్టం ఒక్క అంగుళం కూడా తగ్గలేదు. డెల్టా బావుల్లో ఉప్పు పెరగడం, ఒండ్రు అందక తీరం కోసుకుపోవడం, మడ అడవులకు, చేపలకు మంచినీరు తగ్గడం అక్కడివారికి తప్ప ఎవరికీ కనిపించలేదు. మనం నది నుంచి ఎంత తీసుకున్నామో సముద్రం చూపించదు. అరల్ మాత్రం ఉపగ్రహ చిత్రంలో ఏటేటా చూపించింది. సముద్రాన్ని చేరే నదికీ చేరని నదికీ నీటి లెక్క ఒక్కటే, కనిపించడంలోనే తేడా ఉందని నేను ఇప్పుడు నమ్ముతున్నాను.

ఇంకొక సంగతి కూడా నన్ను కదిలించింది. 2002 నుంచి 2016 వరకు ఉపగ్రహాలతో చేసిన కొలతల ప్రకారం ప్రపంచంలోని మూసుకున్న పరీవాహకాలన్నీ కలిసి ఏటా 100 ఘన కిలోమీటర్లకు పైగా నీటిని కోల్పోయాయి. గాలిలోకి వెళ్లిన ఆ నీరు వేరే చోట వానగా కురిసి, చివరికి మహాసముద్రాల్లో చేరి వాటి మట్టాన్ని పెంచింది.

బిష్కెక్_విద్యార్థిని

ఈ చర్చలో ఇంకా రాని దేశం ఒకటుంది. అమూ దర్యా నీటిలో చెప్పుకోదగిన భాగం ఆఫ్ఘనిస్తాన్ కొండల్లో పుడుతుంది. 1992లో ఆల్మాటీలో నీటి పంపకంపై ఒప్పందం చేసుకున్న అయిదు దేశాల్లో ఆఫ్ఘనిస్తాన్ లేదు. 2022లో ఆ దేశం కోష్ తెపా అనే 285 కిలోమీటర్ల కాలువ తవ్వకం మొదలుపెట్టింది. అది పూర్తయితే ఏటా 10 ఘన కిలోమీటర్ల వరకు అమూ దర్యా నీరు మళ్లుతుందని అంచనా. అంటే కరాకుమ్ కాలువకు దరిదాపుల్లో మరో కాలువ. తవ్విన తొలి భాగాల్లో లైనింగ్ లేదు. దశాబ్దాల యుద్ధం చూసిన ఆ రైతులకు సాగునీరు అడిగే హక్కు లేదని ఎవరూ అనలేరు. కింద ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్ రైతులు ఇప్పటికే ప్రతి చుక్కనూ వాడుకుంటున్నారు.

ఇంజినీరు గారు సరస్సుకు వాటా ముందుగా రాయాలన్నారు. ఇప్పుడు ఆఫ్ఘనిస్తాన్‌ను కూడా కూర్చోబెట్టి ఆరు దేశాలు కొత్త ఒప్పందం రాసుకోవలసి వస్తే, కోష్ తెపాకు లైనింగ్ చేయడానికీ, కరాకుమ్ ఊటను తగ్గించడానికీ అయ్యే ఖర్చును ఎవరు భరించాలి, మిగిలిన నీటిలో ఎంత భాగం అమూ దర్యా డెల్టాకు కేటాయించాలి అనే లెక్కను ఆయన, మట్టి_పరీక్ష గారు కలిసి వివరంగా రాస్తే ఇక్కడి నా సహవిద్యార్థులకు చదివి వినిపిస్తాను. వారిలో ఉజ్బెక్, తాజిక్ విద్యార్థులు కూడా ఉన్నారు.